గొర్రెల సూది

మా ఇంటి వసారా గోడలో ఒక గూడు ఉంది. మా నాయన పనిముట్లన్నీ అందులోనే ఉండేవి. ఉన్ని కత్తెర, గిట్టలు చెక్కే చిన్న కత్తి, పురుగులకు తాగించే మందు, పసుపు పొట్లం, సిరంజిల కట్ట, గొర్రెకు ఒళ్లు వాచినా ఆయాసం వచ్చినా వేసే డెక్సా సీసా. ఆ సీసా గురించే ఈ నాలుగు మాటలు. రాసుకుంటే గుండె బరువు తగ్గుతుందని ఎవరో అన్నారు. నాకు ఆ నమ్మకం లేదు. అయినా రాస్తున్నాను.

మాది పావగడ తాలూకాలో రాయచెర్లు. మా తాతల కాలంలో గొర్రెల మందలే బతుకు. తర్వాత కొంత చేను, కొంత మంద. సోలార్ పార్కు వచ్చినప్పుడు చేను గుత్తకు పోయింది, మంద సగానికి పైగా తగ్గింది. ఊరికే కూర్చోవడం మా నాయనకు చేతకాదు. మిగిలిన గొర్రెలను తోలుకుని కంచె వెంబడి తిరిగేవాడు. గడ్డి పెరిగి ఎండితే మంటలొస్తాయని పార్కువాళ్లే ఒక్కోసారి లోపలికి తోలనిచ్చేవాళ్లు. సోలార్ పలకల కింద గొర్రెలు పడుకుంటే తనూ వాటి పక్కనే టవల్ పరుచుకునేవాడు. “ఎండ వాళ్లకిచ్చినాము, నీడ మనదే గదా పాపా” అని నవ్వేవాడు.

నేను బెంగళూరులో ఒక పరిశోధనశాలలో టెక్నీషియన్‌ని. ఊళ్లో మాత్రం అందరికీ డాక్టరమ్మనే. మొదట్లో కాదని చెప్పేదాన్ని. వినేవాళ్లు లేక చెప్పడం మానేశాను. నిజం చెప్పాలంటే అలా పిలుస్తుంటే బాగానే ఉండేది. మా నాయన సంతలో నన్ను గురించి ఏం కోతలు కోస్తున్నాడో తెలిసినా ఒక్కసారీ ఆపలేదు.

కరోనా వచ్చిన ఏడాది మా ల్యాబ్ అంతా ఒకే ప్రశ్న మీద పడింది. ఒకే వైరస్ ఒకరికి జలుబులా వచ్చి పోతుంది, ఇంకొకరిని పది రోజుల్లో వెంటిలేటర్ మీదికి చేరుస్తుంది. ఎందుకు? ఆస్పత్రుల నుంచి రక్తం గొట్టాలు ఐసు పెట్టెల్లో వచ్చేవి. వాటి మీద పేరు ఉండదు, నంబరు ఉంటుంది. వెంట ఒక ఫారం వస్తుంది. వయసెంత, జ్వరం మొదలై ఎన్నో రోజు, ఆక్సిజన్ పెట్టారా లేదా, ఆస్పత్రికి రాకముందు ఇంట్లో ఏం మందులు వాడారు. గొట్టాన్ని యంత్రంలో వేసి గిరగిరా తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగి, పైన లేత పసుపు నీరు తేరుతుంది. దాన్ని చిన్న గొట్టాల్లోకి తీసి గడ్డకట్టించడం, మళ్లీ కరిగించి అందులో ఏ రసాయనం ఎంత ఉందో కొలవడం నా పని. పలక మీది గుంటల్లో పోస్తే, మనిషి ఒళ్లు ఎంత రగులుతోందో అంత చిక్కటి పసుపు రంగు వచ్చేది. ముదురు పసుపు తేలిన నంబర్లలో చాలామంది మళ్లీ ఇంటికి వెళ్లలేదని తర్వాత తెలిసేది.

మా కళ్లముందు కనబడిందీ, మిగతా దేశాల వాళ్లు చూసిందీ ఒకటే. జబ్బు ముదిరినవాళ్లలో రెండో వారానికి వైరస్ తగ్గుముఖం పడుతోంది. మనిషి మాత్రం మునిగిపోతున్నాడు. వైరస్‌ను చంపడానికి ఒళ్లు పంపిన కణాలే అదుపు తప్పి ఊపిరితిత్తులను నీటితో నింపుతున్నాయి, సన్నటి నాళాల్లో రక్తాన్ని గడ్డ కట్టిస్తున్నాయి. ల్యాబ్‌లో అందరూ దీన్ని తుఫాను అనేవాళ్లు. మా నాయనకు తుఫాను ఏం తెలుసు? పావగడలో వానే సరిగా పడదు.

“ఏంది పాపా అది? పురుగు సంపుతాదా, ఇంగేమన్నా సంపుతాదా?” అని ఫోన్లో అడిగాడు.

“మన రొప్పంలో తోడేలు పడిన పొద్దు గుర్తుండాదా నాయనా?” అన్నాను.

రొప్పమంటే రాత్రిళ్లు గొర్రెలను తోలే ముళ్ల కంచె. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకనాడు తెల్లవారి చూస్తే అందులో పదకొండు గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి. తోడేలు దూరి ఒక్క పిల్లను ఎత్తుకుపోయింది. మిగతావన్నీ బెదిరి ఒక మూలకు తోసుకుపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక పోయాయి. ఒక్కదాని ఒంటి మీదా పంటి గాటు లేదు. మా నాయన వాటిని ఒక్కొక్కటిగా బయటికి లాగాడు. మా అమ్మ ఏడుస్తూ కూర్చుంది.

“గుర్తుండకేమి” అన్నాడు.

“తోడేలు తినింది ఎన్ని?”

“ఒగటి.”

“సచ్చినవి?”

“పదకొండు” అని తనే అందుకున్నాడు. “అంటే తోడేలు పోయినాంక సంపేది బెదురు అంటావు.”

“అంతే నాయనా. మనిసి ఒంట్లో గూడా అదే.”

మా ల్యాబ్‌లో పెద్ద చదువులు చదివినవాళ్లకు కూడా అంత తొందరగా ఎక్కలేదు. మా నాయన ఆ కథను పక్క ఊళ్లు అరసికెరె దాకా, మంగళవాడ దాకా మోసుకుపోయాడు. టీ అంగడి దగ్గర, ఆటోలో, గొర్రెలు కొనవచ్చినవాళ్లతో అదే మాట. “మా పాప సెప్పిందప్పా, అది తోడేలు కాదు, మంద బెదురు.” వింటున్నకొద్దీ నా ఒళ్లు పొంగిపోయేది. మూర్ఖురాలిని.

అదే ఏడాది నడిమధ్యలో కబురు వచ్చింది. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో కొందరిని ఒక పాత మందు కాపాడుతోందని తేలింది. డెక్సామెథసోన్. ఆ పేరు వినగానే నాకు మా గూడు కళ్లముందుకు వచ్చింది. ఆగలేక మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఫోన్ చేశాను.

“నాయనా, మన గూట్లో ఉండాదే, గొర్రెలకేసే సూది, అదే మందు! పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో అదే వేస్తాండారు ఇప్పుడు.”

“గొర్రెకీ మనిసికీ ఒగే మందా?” అని దగ్గొచ్చేదాకా నవ్వాడు.

“ఒగటే. మంద బెదరకుండా నిలబెడ్తాది.”

నేను అక్కడితో ఆపాను. అది ఆక్సిజన్ తగ్గినవాళ్లకే మేలు చేస్తుందనీ, తగ్గనివాళ్లకు మొదట్లోనే వేస్తే మేలు లేకపోగా కీడు కూడా కావచ్చనీ చెప్పలేదు. తెలియక కాదు. ఆ సంగతి రాసిన కాగితం మా బల్ల ఎదుటి గోడకే అంటించి ఉండేది. చెబితే కథ కుంటుపడుతుంది. మా నాయన నవ్వు మధ్యలో ఆగిపోతుంది. గొర్రెలకు వేసే సీసా తీసి మనిషికి ఎవరు వేసుకుంటారులే అని కూడా అనుకున్నాను. ముప్ఫై ఏళ్లుగా తన చేత్తో సూదులు వేసినవాడు, వేలు తెగితే గొర్రెల పసుపే అద్దుకునేవాడు, తన కూతురే ఒకటే మందని చెప్పాక ఎందుకు వేసుకోడు? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో మా నాయనకు జ్వరం వచ్చింది. దారులు బంద్ అయి ఉన్నాయి, పాప కంగారు పడుతుందని నాకు చెప్పలేదు. నాలుగో రోజు మా అమ్మ నోరు జారింది. నేను గట్టిగా అరిచేసరికి ఫోన్ మా నాయన తీసుకున్నాడు. గొంతు గంటలా మోగింది.

“జొరమొచ్చింది, పోయింది. ఆకలి గూడా బాగుండాది. పొద్దున మందెంబడి పోయొస్తి. ఎందుకట్ల అరుస్తావు?”

వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు నేనే కొని పంపి ఉన్నాను. పెట్టి చెప్పమన్నాను. తొంభై ఆరు. నా గుండె కుదుటపడింది. ఏమేం మందులు వేసుకున్నావని అడగలేదు. వచ్చిన ప్రతి ఫారంలోనూ ఆ గడి నిండిందా లేదా అని చూడటం నా ఉద్యోగం. మా నాయనను మాత్రం అడగలేదు.

ఎనిమిదో రోజు మా అమ్మ ఫోన్. మీటరు ఎనభై రెండు చూపిస్తోందట. చెడిపోయిందేమోనని తన వేలికి పెట్టుకుని చూసిందట. తొంభై ఏడు. “మీ నాయన కూసోని గూడా రొప్పుతాండాడు. మాట్లాడ్తే మాట తెగిపోతాండాది” అంది. పార్కులో పనిచేసే మా పక్కింటాయన తన జీపులో పావగడకు చేర్చాడు. అక్కణ్ణుంచి ఆంబులెన్సులో పెద్ద ఊరికి పంపారు. పోలీసుల పాసు తీసుకుని నేను వెళ్లేసరికి ముక్కూ నోరూ మూసేలా మాస్కు బిగించి ఉంది. నన్ను చూసి ఒక చేయి ఎత్తాడు. గొర్రెలను ఆగమన్నప్పుడు అలాగే ఎత్తేవాడు.

లోపలికి తీసుకునేటప్పుడు డాక్టరు మా అమ్మను అడిగాడట, ఇంట్లో ఏమైనా మందులు వాడారా అని. జ్వరం మాత్రలు తప్ప ఏమీ లేదని చెప్పింది. నేను రాకముందే ఫారం నిండిపోయింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మా నాయన చనిపోయాడు. ఏమని రాయను? రెండో వారంలో ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో నాకు గంట గంటకూ తెలుసు. ఆ తెలివి నా దగ్గర ఉండి ఆయనకు ఒక్క ఊపిరి ఎక్కువ ఇవ్వలేకపోయింది. తెల్లటి సంచిలో చుట్టి, ముఖం దూరం నుంచి చూపించారు. మట్టి కూడా వాళ్లే వేశారు.

ఇంటికి వచ్చాక రెండు రోజులకు మా అమ్మ నోరు విప్పింది. నా చేయి పట్టుకుని, నన్ను ఓదార్చడానికే చెప్పింది.

“మనం సేయాల్సింది సేసినాము పాపా. నువ్వు సెప్పిన సూది రెండో దినమే వేసినాము. మూడు దినాలు వరసగా వేస్తి. జొరం పారిపాయ. ఎంత సురుగ్గా తిరిగినాడో! ఆ మందు వేయకుండా ఉంటే ముందే పోయుండు.”

“ఎవురు వేసినారు?”

“నేనే. గొర్రెకేసినట్లే తోలు పట్టుకోని వేస్తి. నాకు సెయ్యి తిరిగిందే గదా. డాక్టరుకు సెప్పలే, గొర్రెల మందు మనిసికేస్తారా అని తిడ్తాడని.”

గూట్లో చూశాను. సీసా సగం ఖాళీగా ఉంది.

తోడేలు పడిన నాటికి మా రొప్పంలో రెండు కుక్కలు ఉండేవి. ఆ రాత్రి తోడేలు ఒక్క పిల్లతో వెళ్లిపోయిందంటే వాటి పుణ్యమే. ఒకదానికి మెడంతా చీరుకుపోయింది. నేను చెప్పిన కథలో కుక్కలు లేవు. మొదటి వారం ఒంట్లో వైరస్ మీద పడి కరిచేది ఆ కుక్కలే, జ్వరం వాటి అరుపే. డెక్సా గొర్రెల బెదురు ఒక్కటే ఆపదు, కుక్కల మూతి కూడా కట్టేస్తుంది. తోడేలు లోపల ఉండగానే మా ఇంట్లో కుక్కల మూతి కట్టారు. అరుపు ఆగింది కాబట్టి తోడేలు పోయిందనుకున్నారు. ఆ మూడు రోజులూ మా నాయన ఆకలితో అన్నం తిని, హుషారుగా కంచె వెంబడి తిరిగి, ఫోన్లో నన్నే నవ్వించాడు.

అదంతా తెలిసీ మా అమ్మతో “మంచి పని చేసినావులేమ్మా” అన్నాను. ఇంకేం అనగలను? వేసింది ఆమె చేయి.

ల్యాబ్‌కు తిరిగి వెళ్లాక మా మేడంను అడిగాను. మా బృందానికి పెద్ద ఆవిడ, ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి. ఆ సూదుల వల్లే పోయాడా అని అడిగితే చాలాసేపు ఆలోచించింది. “చెప్పలేం. వేయకపోయినా పోయేవాడేమో. వేయడం వల్లే ముదిరిందేమో. వందల మందిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏదైనా చెప్పగలం. ఒక్క మనిషి గురించి చెప్పే శాస్త్రం మన దగ్గర లేదు” అంది. ఆవిడ దయతోనే చెప్పింది. అయినా ఆ రోజు ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. నాకు ఒక్క మనిషే ఉన్నాడు. వందల మందిని నేనేం చేసుకోను?

ఉద్యోగం మానలేదు. మానితే తినేదేమీ లేదు, చేతనయింది ఇంకేమీ లేదు. ఇప్పటికీ పాత గొట్టాలను కరిగించి కొలుస్తూనే ఉన్నాం. ఎవరి నెత్తురులో ఏది ముందే ఎక్కువుంది, ఎవరిలో మొదటి కాపలా కణాలు ఆలస్యంగా లేచాయి అని ప్రశ్నలు ఇంకా సన్నబడ్డాయి. మంచి ప్రశ్నలే. ఎవరికో ఎప్పుడో ఉపయోగపడతాయి. నా కళ్లు మాత్రం ఫారంలో ఇంటి మందుల గడి దగ్గరే ఆగుతాయి. చాలావాటిలో “ఏమీ లేదు” అని ఉంటుంది. అది చదివినప్పుడల్లా ఆ మాట చెప్పినవాళ్ల పక్కన మా అమ్మ నిలబడి ఉన్నట్టే ఉంటుంది.

ఈ ఏడాది వేరుశనగ విత్తనాల సమయంలో ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయని తెలిసి సెలవు పెట్టి వెళ్లాను. మా అమ్మ ఇప్పుడు ఒంటరిగా పది గొర్రెలను మేపుకుంటోంది. నేను వెళ్లేసరికి గొంతు బొంగురుగా ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది. పరీక్ష చేయిద్దామంటే చేయి ఊపేసింది.

“ఎందుకు ఖర్చు? రేపటికి తగ్గకుంటే నువ్వు సెప్పిన సూది ఉండాది గదా. ఎదురింటి కోడలికీ జొరమే, ఆమెకు గూడా సెప్పినా, కావల్లంటే వచ్చి వేస్తానని.”

లేచి గూటి దగ్గరికి వెళ్లాను. సీసా తీసి వెలుగులోకి పట్టుకుని, తేదీ చూసినట్టు నటించాను. నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

“దీని తేదీ అయిపోయి ఎన్నాళ్లాయనో అమ్మా. ఇంగ పనికి రాదు” అని పెరట్లోకి వెళ్లి పారబోశాను.

నా తెలివికి నేనే సంతోషించాను. ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. సాయంత్రం కూలికి తెచ్చుకున్న వేరుశనగ కాయలు ఒలుస్తూ మా అమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

“మీ నాయనకేసింది గూడా ఆ సీసానే గదా. అప్పుడే దానికి సత్తువ పోయుండాదేమో. దానికే మూడు దినాలు నిలబెట్టి యిడిసేసింది. కొత్తది తెచ్చుంటే బతుకుతాండె. ఈ తూరి ముందే కొత్తది తెప్పించి పెట్టినా సూడు.”

పక్కన సంచిలో ఉంది. పావగడకు వెళ్లినవాళ్లతో మధ్యాహ్నమే తెప్పించిందట.

ఇక దాచడానికి చోటు లేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, నేనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని, కుక్కల సంగతి చెప్పాను. నా నోటితో నేను మొదలుపెట్టిన కథను ఇన్నేళ్లకు పూర్తిగా చెప్పాను. ఆయాసం రాకముందే ఆ సూది వేయకూడదనీ, వేస్తే జ్వరం పోయినట్టు కనబడి లోపల తోడేలు బలుస్తుందనీ చెప్పాను. తప్పకుండా అదే కారణమని ఎవరూ చెప్పలేరని మా మేడం మాట కూడా చెప్పాను. ఆ మాట మా అమ్మ చెవిన పడినట్టు లేదు.

“ఇది నీకు ఎప్పట్నించి తెలుసు?” అంది.

“ముందునించే.”

“మీ నాయన ఉన్నెప్పుడే తెలుసునా?”

“తెలుసు.”

“మరి ఆ పొద్దు సెప్పలేదే?”

నా దగ్గర ఉన్న జవాబు చెప్పలేనంత సిగ్గుమాలినది. కథ బాగుంది కాబట్టి చెప్పలేదు. ఆయన నవ్వుతున్నాడు కాబట్టి చెప్పలేదు.

మా అమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందనే ఎదురుచూశాను, తిడితే బాగుండేది. తన కుడి చేతిని ఒడిలోకి తీసుకుని చూసుకుంది.

“వేసింది నేను గదా” అంది.

“సెప్పింది నేను గదమ్మా” అన్నాను. ఆమె వినలేదు. కాసేపటికి చేటలో మిగిలిన కాయలు ఒలవడం మొదలుపెట్టింది. విత్తనాలకు పనికొచ్చేవి ఒక పక్కకు, పుచ్చువి ఒక పక్కకు.

మా అమ్మ జ్వరం దానంతట అదే తగ్గింది. ఎదురింటి కోడలిని పరీక్షకు నేనే పిలుచుకుపోయాను, ఆమెకూ తగ్గింది. నేను బెంగళూరుకు బయలుదేరే రోజు ఒక గొర్రెకు కాలు వాచి కుంటుతూ ఉంది. కొత్త సీసా, సిరంజి మా అమ్మ నా చేతిలో పెట్టి, గొర్రెను తొడల మధ్య బిగించి పట్టుకుంది. “నువ్వే వెయ్యి” అని ముఖం అటు తిప్పుకుంది. వేశాను. గొర్రె కాలు రెండు రోజుల్లో బాగయిందని తర్వాత ఫోన్లో చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఏ గొర్రెకూ సూది వేయలేదు. మొన్న ఒక చూడి గొర్రె ఒళ్లు వాచి, ఆయాసంతో పలకల నీడలో పడిపోయిందట. వేసేవాళ్ల కోసం మా అమ్మ ఊరంతా తిరిగింది, ఎవరూ ఇళ్ల దగ్గర లేరు. సాయంత్రానికి అది చనిపోయింది. సీసా గూట్లోనే ఉందని చెప్పింది.